దాచుకున్న సినిమా, తిరిగొచ్చిన సినిమా

2009లో విడుదలైనప్పుడు 'ఓయ్!' పెద్దగా ఆడలేదు. మరుసటి ఏడాది వచ్చిన 'ఆరెంజ్' అంతకంటే గట్టి దెబ్బ తిని, నిర్మాతకు భారీ నష్టం మిగిల్చింది. ఈ మధ్య ఆ రెండూ మళ్లీ హాళ్లకు వచ్చాయి. 'ఆరెంజ్' 2023 మార్చిలో, 'ఓయ్!' 2024 ఫిబ్రవరిలో. ఈసారి హాళ్లు నిండాయి. పాట మొదలవగానే కుర్రాళ్లు లేచి తెర దగ్గరికి చేరారు. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా తెరమీది గొంతు వినపడనంతగా హాలంతా పాడింది.

చిక్కు ఇక్కడే ఉంది. ఆడని సినిమా అంటే ఎక్కువమంది హాల్లో చూడని సినిమా. చూడనిదాని మీద బెంగ ఎలా పుడుతుంది?

దీనికి జవాబు దొరికితే, కుర్రతనంలో నచ్చిన సినిమాల మీద మమకారం ఎలా పనిచేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ సినిమాలు రెండు చోట్ల దాచి ఉన్నాయి. ఒకటి మన బుర్ర, రెండోది ఫిల్ము ల్యాబ్ గోదాములోని రేకు డబ్బా. రెండు చోట్లా సరుకు ఉన్నది ఉన్నట్టు ఉండదు, మారుతూ ఉంటుంది. రీరిలీజ్ రోజున ఆ రెండూ ఎదురుపడతాయి. కొందరికి కళ్లు చెమరుస్తాయి. కొందరు "అప్పుడు ఇంతకంటే బాగుండేదే" అనుకుంటూ బయటికొస్తారు.

బుర్రలో ఉన్నది

'నోస్టాల్జియా' అనే మాట 1688లో పుట్టింది. యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి బాసెల్‌లో రాసిన సిద్ధాంత పత్రంలో, ఇంటికి దూరమై చిక్కిపోయేవాళ్ల జబ్బుకు ఆ పేరు పెట్టాడు. ఇంటికి తిరిగి చేరడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలను కలిపాడు. ఆ జబ్బుకు మన దగ్గర ఎప్పటినుంచో పేరుంది. హాస్టల్లో చేర్చిన పిల్లాడికి మూడో రోజు జ్వరమొస్తే "బెంగ పెట్టుకున్నాడు" అంటాం. ఊరి మీద బెంగైతే బస్సెక్కి తీర్చుకోవచ్చు. 2001 మీద బెంగకు ఆ దారి లేదు. అందుకే ఆనాటి వస్తువు ఏదైనా దొరికితే గట్టిగా పట్టుకుంటాం.

నడివయసు దాటినవాళ్లను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, పదేళ్లకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య జరిగినవి లెక్కకు మించి వస్తాయి. డేవిడ్ రూబిన్, ఆయన సహ పరిశోధకులు 1986లో దీన్ని గుర్తించి రాశారు. గీత గీసి చూస్తే ఆ వయసు దగ్గర ఎద్దు మూపురంలా లేస్తుంది. తొలి పరిచయాలు, తొలిసారి ఇల్లు వదలడం, తొలి ప్రేమ అన్నీ అప్పుడే జరగడం ఒక కారణం. నేనెవరినన్నది తేల్చుకునే వయసు కూడా అదే కాబట్టి, అప్పుడు నచ్చిన పాట మన గురించి మనం చెప్పుకునే కథలో భాగమైపోవడం ఇంకొకటి. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ వేర్వేరు వయసులవాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపిస్తే, తమకు 23, 24 ఏళ్లున్నప్పుడు హిట్టయిన పాటలకే వాళ్లు ఎక్కువ మార్కులు వేశారు.

ఇక మరుగున పడిపోయే సంగతి, మళ్లీ మళ్లీ తగలడం. ఒక సినిమాను రెండుసార్లు చూసి ఉంటాం. దాని పాటను రెండు వందలసార్లు విని ఉంటాం. పరీక్షల ముందు, కాలేజీ బస్సులో, హాస్టల్ గదిలో, రాత్రి రేడియోలో. జ్ఞాపకం ఆ సందర్భాలన్నిటినీ పాటకు ముడివేసి దాస్తుంది. 'ఓయ్!' చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. హాల్లో చూడనివాళ్లు కూడా యువన్ శంకర్ రాజా పాటలను ఏళ్ల తరబడి విన్నారు, సినిమాను టీవీలో ముక్కలు ముక్కలుగా, ల్యాప్‌టాప్‌లో పూర్తిగా చూశారు. హారిస్ జయరాజ్ పాటలున్న 'ఆరెంజ్'దీ, 2008 నాటి అనువాద చిత్రం 'సూర్య సన్నాఫ్ కృష్ణన్'దీ ఇదే కథ. బాక్సాఫీసు లెక్క మొదటి రెండు వారాలనే కొలుస్తుంది. పాట పదిహేనేళ్లు పనిచేస్తుంది. రీరిలీజ్ అయిన సినిమాల్లో ఏది నిండుతుందో ముందే చెప్పాలంటే దాని పాత వసూళ్లు చూడకండి, ఆల్బమ్ చూడండి.

మరి ఆ హాళ్లలో ఇరవై ఏళ్ల పిల్లలు ఎందుకుంటున్నారు? 2013లో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ చేసిన పరిశోధనలో, యువకులకు తాము పుట్టకముందు, తమ తల్లిదండ్రుల యవ్వనంలో వచ్చిన పాటల మీద కూడా ఒక మూపురం కనిపించింది. ఇంట్లో మోగుతూ ఉండే పాటలు పిల్లల చిన్నతనంలోకి చేరతాయి. కారులో అమ్మ పెట్టే 'నువ్వే కావాలి' పాటలు ఆ పిల్లకు కూడా సొంత జ్ఞాపకాలే.

అయితే బుర్ర మంచి గోదాము కాదు. జ్ఞాపకం అనేది బీరువాలోంచి తీసి చూసే ఫొటో కాదనీ, తలుచుకున్న ప్రతిసారీ కొత్తగా కట్టుకునేదనీ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే వాదించాడు. ఇన్నేళ్లుగా మనం ఆ సినిమాను మనకు తెలియకుండానే ఎడిట్ చేస్తూ వచ్చాం. సాగదీసిన కామెడీ ట్రాక్ ఎగిరిపోయింది, వర్షం సీను పెరిగింది, హీరోయిన్ వెనక్కి తిరిగి చూసే రెండు సెకన్లు రెండు నిమిషాలయ్యాయి. మళ్లీ చూసినప్పుడు మొదటి గంట నత్తనడకన సాగుతున్నట్టు అనిపించడానికి ఇదే కారణం. సినిమా చెడిపోలేదు, మన కాపీ పొట్టిదైపోయింది.

ఆ ఏడేళ్లు

తెలుగులో ఈ బెంగ 2000, 2007 మధ్య సినిమాల చుట్టూ దట్టంగా అల్లుకుంది. 2000 జూన్‌లో తేజ 'చిత్రం', అక్టోబరులో విజయభాస్కర్ 'నువ్వే కావాలి', మరుసటి ఏడాది 'నువ్వు నేను', 'మనసంతా నువ్వే', 2002లో 'జయం', 2004లో 'ఆర్య', '7/జి బృందావన్ కాలనీ', 'ఆనంద్', 2006లో 'బొమ్మరిల్లు', 2007 అక్టోబరులో 'హ్యాపీ డేస్'. ఇవన్నీ మంచి సినిమాలు కావడం ఒక్కటే కారణం కాదు. అంతకుముందు కాలేజీ కుర్రాడి పాత్రను ముప్ఫై, నలభై ఏళ్ల పెద్ద హీరోలు వేసేవారు. 'చిత్రం'లో ఉదయ్ కిరణ్, రీమాసేన్ నిజంగా ఆ వయసుకు దగ్గరగా ఉన్న కొత్త ముఖాలు. తెరమీద తమ ఈడువాళ్లు కనిపించడం ఇంటర్ పిల్లలకు కొత్త అనుభవం. ఉదయ్ కిరణ్ 2014 జనవరిలో వెళ్లిపోయాడు. అతని సినిమా మళ్లీ వేసినప్పుడు హాల్లో ఉండే నిశ్శబ్దం ఈ లెక్కలకు అందదు.

ఇంకొక కారణం, సినిమా మనదాకా చేరిన దారి. విడుదలకు వారాల ముందే క్యాసెట్ వచ్చేది. ఎ వైపు, బి వైపు అరిగేదాకా విన్నాక, బొమ్మ ఎలా ఉంటుందో ఊహించుకుంటూ హాలుకు వెళ్లేవాళ్లం. తర్వాత టీవీలో పాటల కార్యక్రమాలు, ఆ తర్వాత వీసీడీ, పండక్కి టీవీలో పూర్తి సినిమా. ఒకే సినిమా నాలుగు విడతలుగా, ఏడాది పొడవునా, ప్రతిసారీ వేరే చోట, వేరే మనుషుల మధ్య తగిలింది. అన్నీ ఒకే వారంలో ఫోన్లోకి వచ్చిపడే సినిమాకు అన్ని ముడులు పడవు.

ఆ లెక్కన 2000లో ఇంటర్‌లో చేరినవాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. మూపురం పూర్తిగా తయారైన వయసు. టికెట్టుకు డబ్బూ ఉంది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు 'పోకిరి' మళ్లీ వేయడంతో ఊపందుకున్న ఈ రీరిలీజుల గాలికి నేల అలా సిద్ధమైంది. పాత సినిమా మళ్లీ వేయడం మనకు కొత్తేమీ కాదు. టీవీ లేని రోజుల్లో పౌరాణికాలు సెకండ్ రిలీజులో ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగాయి. తేడా ఏమిటంటే, అప్పుడు అదే ప్రింటు తిరిగేది. ఇప్పుడు 'సరికొత్త 4కె' అంటున్నారు. ఆ మాటను కాస్త విప్పి చూడాలి.

డబ్బాలో ఉన్నది

35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, 2,16,000 ఫ్రేములు. కెమెరాలో తిరిగిన అసలు నెగటివ్‌ను ఎడిటింగ్ ప్రకారం కోసి అతికిస్తే వచ్చేది ఒకే ఒక్క ప్రతి. హాళ్లకు వెళ్లినవన్నీ దాని నకళ్లో, నకళ్ల నకళ్లో. ప్రతి నకలుకూ కొంత స్పష్టత పోతుంది. కాబట్టి మొదటి ప్రశ్న, నెగటివ్ ఉందా లేదా.

ఉన్నా ఎలా ఉంది? అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ముకు వేడి, తేమ శత్రువులు. రెండూ కలిస్తే అది కుళ్లి ఆమ్లాన్ని వదులుతుంది, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగం చేస్తుంది. ఫిల్ము కుంచించుకుపోయి, వంకర తిరిగి, చివరికి స్కానర్ పళ్లకు అందదు. పక్క డబ్బాలకూ ఆ ఆవిరి సోకుతుంది కాబట్టి వాసన వచ్చినదాన్ని వెంటనే వేరుచేయాలి. రంగుల ఫిల్మును గడ్డకట్టే స్థాయికి కాస్త పైన, తేమ 30 నుంచి 40 శాతంలో ఉంచితే దశాబ్దాలు ఆగుతుంది. మన సముద్రపు గాలిలో ఫ్యాను కింద ఉంచితే ఆగదు. డిజిటల్ వచ్చాక ఫిల్ము ల్యాబులు మూతపడ్డాయి, ఫ్యూజీ సంస్థ 2013లో సినిమా ఫిల్ము తయారీనే ఆపేసింది. ల్యాబు మూసేటప్పుడు డబ్బాలు తీసుకెళ్లమని కబురు పెడితే వెళ్లని నిర్మాతల నెగటివ్‌లు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు. ఈ నష్టం గురించి పరిశ్రమ ఇంకా తగినంతగా బాధపడలేదు.

నెగటివ్ బాగుంటే పని ఇలా సాగుతుంది. ముందు చేత్తో ప్రతి అతుకూ తడిమి, విడిపోయినవి మళ్లీ అతికిస్తారు, అంచున చిరిగిన రంధ్రాలను సరిచేస్తారు. తర్వాత శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేమునూ 4కె, అంటే అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కలుండేలా, స్కాన్ చేస్తారు. గీతలు ఎక్కువుంటే ఫిల్మును ఒక ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తే సన్నగీతలు కనిపించకుండా పోతాయి. ఒక్కో ఫ్రేము 50 మెగాబైట్లు, సినిమా మొత్తం 11 టెరాబైట్ల దాకా. ఆ తర్వాత దుమ్ము మచ్చలు తుడవడం, ఊగే బొమ్మను నిలబెట్టడం, చివరగా రంగులు దిద్దడం. రంగుల దగ్గర అప్పటి ఛాయాగ్రాహకుణ్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి. లేకపోతే 2001 నాటి పసుపు సాయంత్రం ఇప్పటి ఫ్యాషన్ ప్రకారం నీలం, నారింజ అయిపోతుంది.

2000ల మధ్య నుంచి వచ్చిన సినిమాలకు ఇంకో ఇబ్బంది ఉంది. అప్పటికి డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్) వచ్చింది. నెగటివ్‌ను 2కె (అడ్డంగా సుమారు రెండు వేల చుక్కలు) స్కాన్ చేసి, కంప్యూటర్లో రంగులు దిద్ది, మళ్లీ ఫిల్ము మీదకు ఎక్కించేవారు. అంటే ఆ సినిమాకు పూర్తయిన రూపం 2కె. నిజమైన 4కె కావాలంటే కోయని నెగటివ్ రోల్స్ దగ్గరికి తిరిగి వెళ్లి, షాటు షాటునూ వెతికి, ఎడిటింగ్ అంతా మళ్లీ పేర్చాలి. గ్రాఫిక్స్ షాట్లు అప్పుడే 2కెలో చేసినవి కాబట్టి మళ్లీ చేయాలి. అంత పని అన్ని సినిమాలకూ జరగడం లేదు.

నిజం 4కె, పేరుకు 4కె

నెగటివ్ దొరకనప్పుడో, ఖర్చుకు వెనకాడినప్పుడో, టీవీ కోసం తీసిన పాత హెచ్‌డీ కాపీని, ఒక్కోసారి 720 × 576 చుక్కల డీవీడీ స్థాయి కాపీని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె పెట్టెలో పెడతారు. దాన్ని హాల్లోనే పట్టుకోవచ్చు.

ముఖం చూడండి. చర్మం మైనం పూసినట్టు నున్నగా ఉండి, కనుబొమలు మాత్రం చెక్కినట్టుంటే అది సాగదీసిందే. వెనక గుంపులో నిలబడ్డవాళ్ల ముఖాలు కరిగిపోయి ఉంటాయి. దుకాణాల బోర్డుల మీది తెలుగు అక్షరాలు గుడి, కొమ్ము తెలియకుండా ముద్దైపోతాయి. రాత్రి సీన్లలో సన్నని ఇసుకలా కదిలే గ్రెయిన్ కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఫిల్ము స్వభావం. అది పూర్తిగా మాయమైతేనే అనుమానించాలి. ఒక బొమ్మ ఇంకో బొమ్మలోకి కరిగే చోట, పేర్లు పడే చోట కొద్ది సెకన్లు మసకగా మారితే అదీ తప్పు కాదు. డీఐకి ముందు ఆ ముక్కలను విడిగా నకలు తీసి నెగటివ్‌లో అతికించేవారు, ఆ మసక 2000లోనూ ఉంది. తెర వెడల్పు కూడా గమనించండి. స్కోపులో తీసిన సినిమా ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పుండాలి. పక్కలు కోసి టీవీ ఆకారంలో వేస్తే గుంపు డ్యాన్సుల్లో చివరి ఇద్దరు గాయబ్. ప్రొజెక్టరే 2కె అయిన హాల్లో 4కె కాపీ వేసినా 2కె బొమ్మే పడుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. మంచి నెగటివ్ నుంచి వచ్చిన 2కె బొమ్మ, సాగదీసిన 4కె కంటే ఎంతో మేలు.

శబ్దం సంగతి చాలామంది పట్టించుకోరు. మన టీవీ, వీసీడీ, డీవీడీలు పాల్ (PAL) అనే వీడియో పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు. 24 ఫ్రేముల సినిమాను వాటిలో సుమారు 4 శాతం వేగంగా నడిపేవారు. 150 నిమిషాల సినిమా 144కి తగ్గుతుంది, శ్రుతి ముప్పావు స్వరస్థానం దాకా పైకెక్కుతుంది. గాయకుడి గొంతు కాస్త సన్నగా వినిపించడం దీనివల్లే. ఆ కాపీ నుంచి చేసిన రీరిలీజ్‌లో శ్రుతి సరిచేయకపోతే, ఆల్బమ్ నోటికొచ్చినవాళ్లకు ఏదో తేడా అని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. హాల్లో వేసిన మిక్సింగ్ కావాలంటే మాగ్నెటిక్ మాస్టర్ టేపు గానీ, డీటీఎస్ డిస్కులు గానీ దొరకాలి. డీటీఎస్ ప్రింటు మీద ఉండేది టైమ్‌కోడ్ మాత్రమే, ఆరు ట్రాకుల శబ్దం విడిగా సీడీల్లో వచ్చేది. ఆ డిస్కులు పోతే ఫిల్ము అంచున ఉన్న ఆప్టికల్ ట్రాకే దిక్కు.

ఇక సినిమా పూర్తిగా ఉందా లేదా. మొదట్లో చూపించే సెన్సార్ సర్టిఫికెట్‌ను ఆపి చదవండి. ఫిల్ము రోజుల్లో నిడివి మీటర్లలో రాసేవారు. దాన్ని 27.4తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 4,110 మీటర్లంటే 150 నిమిషాలు. ఓటీటీలో 144 ఉంటే పాల్ కాపీ అయ్యుండొచ్చు. 138 ఉంటే ఎక్కడో కోశారు. ఎక్కువగా పోయేవి కామెడీ ట్రాకులు, రెండో సగంలోని ఒక పాట.

ఎలా చూస్తే దక్కుతుంది

ఒంటరిగా, ఫోన్లో, ముక్కలు ముక్కలుగా చూస్తే పాత సినిమా దాదాపు ఎప్పుడూ చిన్నబోతుంది. జ్ఞాపకం సందర్భంతో ముడిపడి ఉంది కాబట్టి, సందర్భాన్ని ఎంత దగ్గరగా తెస్తే అంత తిరిగొస్తుంది. వారం ముందు నుంచి ఆల్బమ్‌ను క్యాసెట్‌లోని వరసలోనే వినండి. అప్పుడు ఎవరితో చూశారో వాళ్లను పిలవండి, వేరే దేశంలో ఉంటే ఒకే టైముకు ప్లే నొక్కండి. ఇంటర్వెల్ దగ్గర నిజంగా పదిహేను నిమిషాలు ఆపండి. ఆ సినిమాలు ఆ విరామాన్ని లెక్కలో పెట్టుకుని రాసినవి. హాల్లోనైతే పాడండి, ఎగరండి, టపాసులు మాత్రం వద్దు. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో 'బిల్లా' ఆటలో టపాసులు కాల్చడంతో సీట్లు అంటుకున్నాయి.

ఒక విషయంలో మనసు గట్టి చేసుకుని కూర్చోవాలి. అమ్మాయి వద్దంటున్నా నెలల తరబడి వెంటపడటాన్ని ఆ రోజుల్లో చాలా సినిమాలు ప్రేమగా చూపించాయి. 2013లో చట్టం దాన్ని నేరంగా రాసింది. అప్పుడు చప్పట్లు కొట్టిన సీను ఇప్పుడు గొంతులో అడ్డం పడితే, అది సినిమా మీద ద్రోహం కాదు. చప్పట్లు కొట్టినవాడి వయసు పదిహేడు, ఇప్పుడు చూస్తున్నవాడికి కూతురుంది. ఆ సీన్లు కోసేసి మళ్లీ వేయాలనే వాదన మాత్రం సరికాదు. కోస్తే ఆ కాలం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం పోతుంది. పిల్లలతో కలిసి చూస్తుంటే ఆపి మాట్లాడుకోవచ్చు.

చివరగా ఇంట్లో ఉన్నవాటి సంగతి. అటక మీది వీసీడీలను పారేయొద్దు. బొమ్మ 352 × 288 చుక్కలే అయినా, ఓటీటీ కాపీలో పోయిన బిట్టు ఒక్కోసారి అందులో ఉంటుంది. డిస్కులోని MPEGAV ఫోల్డర్‌లో పేరు చివర .DAT అని ఉన్న ఫైళ్లను కంప్యూటర్లోకి కాపీ చేస్తే చాలు. క్యాసెట్‌ను నేరుగా ప్లే చేయకండి, ముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి, అతుక్కున్న పొరలు విడతాయి. టేపు మీద తెల్లటి బూజుంటే మంచి ప్లేయర్లో పెట్టొద్దు, బూజు హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శబ్దం మూగబోయినట్టుంటే టేపు వెనక ఉండే చిన్న స్పాంజి దిండు ఊడిందేమో చూడండి. ఒక్కో మూలకు ఒకటి, మధ్యలో ఒకటి, ఐదు స్క్రూలు విప్పి, పనికిరాని ఇంకో క్యాసెట్‌లోని దిండు తీసి పెట్టొచ్చు. పది నిమిషాల పని.